మోహన స్వరాల్లో గాలి గంటలు: పైపు కోయడం నుంచి శ్రుతి కలిపే దాకా

బజారులో దొరికే విండ్ చైమ్స్‌లో చాలావాటికి శ్రుతి ఉండదు. గొట్టాలను అందంగా మెట్లు మెట్లుగా కోసి కట్టేస్తారు. గాలి వీస్తే గలగలమంటాయి, అంతే. ఇంట్లో చేసుకుంటే స్వరం తప్పకుండా, మోగిన ప్రతి గొట్టం తంబూర పక్కన నిలబడేలా చేయవచ్చు. దీనికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. గొట్టం పొడవు, దాన్ని వేలాడదీసే చోటు, దాన్ని కొట్టే చోటు, ఈ మూడూ కుదరాలి. ఆరు గొట్టాలతో, మోహన రాగ స్వరాల్లో నేను చేసిన పద్ధతిని కొలతలతో సహా రాస్తున్నాను.

మోహనమే ఎందుకంటే, గాలికి క్రమం తెలియదు. ఏ స్వరం తర్వాత ఏది మోగుతుందో, ఏ రెండు కలిసి మోగుతాయో మన చేతుల్లో ఉండదు. కాబట్టి ఏ రెండు కలిసినా చెవికి గుచ్చుకోని స్వరాలు కావాలి. మోహనంలోని స, రి2, గ3, ప, ద2 (అంకె ఆ స్వరంలోని రకానికి గుర్తు) మధ్య ఎక్కడా అర్ధస్వరం ఎడం, అంటే కీబోర్డులో పక్కపక్క మెట్ల దూరం, లేదు. హిందోళంలోనూ లేదు, ఇష్టమైతే అదీ చేసుకోవచ్చు. ఏడు స్వరాలూ పెడితే మాత్రం గ–మ, ని–స పక్కపక్కన మోగిన ప్రతిసారీ ఒరిపిడి వినిపిస్తుంది.

ఇక పైపు. అల్యూమినియం సెక్షన్లు అమ్మే షాపులో 25 మి.మీ. బయటి వ్యాసం, 1.5 మి.మీ. మందం ఉన్న గుండ్రటి పైపు అడగండి. 12 అడుగుల నిడివి ఒక్కటి తీసుకుంటే ఆరు గొట్టాలూ వచ్చి ఇంకా దాదాపు 90 సెం.మీ. మిగులుతుంది. మందం నిజంగా 1.5 ఉందో లేదో తూకంలో తెలిసిపోతుంది. 12 అడుగులకు సుమారు 1.1 కిలోలు తూగాలి. 900 గ్రాములకు కాస్త అటూఇటూ తూగితే అది 1.2 మి.మీ. మందం పైపు. అదీ పనికొస్తుంది, కాకపోతే ఆరు గొట్టాలూ ఒకే పైపులోంచి కోయాలి. వేర్వేరు పైపుల ముక్కలు కలిపితే కింద చెప్పే లెక్క ఏదీ నిలవదు. కర్టెన్లకు వాడే పలచటి స్టీలు రాడ్లు వద్దు. వాటికి పొడవునా అతుకు ఉంటుంది, తీరప్రాంతంలో అయితే తుప్పు కూడా పడుతుంది. పీవీసీ మోగదు.

ఒక అపోహ తీసేసి ముందుకు వెళ్దాం. ఈ గొట్టాల్లో మోగేది లోపలి గాలి కాదు. పైపు ఒక కడ్డీలా వంగి, తిరిగి వంగి, ఆ కంపనంతో మోగుతుంది. గొట్టం ఒక చివర పలచటి కాగితం అంటించి కొట్టి చూడండి, స్వరం మారదు. అందుకే వేణువుకు పనిచేసే లెక్క ఇక్కడ పనిచేయదు. వేణువులో పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. ఇక్కడ పొడవు సగమైతే పౌనఃపున్యం నాలుగింతలవుతుంది, అంటే రెండు స్థాయులు. ఒక్క స్థాయి పెరగాలంటే పొడవును 0.707తో గుణించాలి. సూత్రం ఇది: ఒకే పైపులోంచి కోసిన ముక్కలన్నిటికీ పౌనఃపున్యం × పొడవు × పొడవు ఒకే సంఖ్య వస్తుంది. పొడవును మీటర్లలో, పౌనఃపున్యాన్ని హెర్ట్జుల్లో తీసుకుంటే 25 × 1.5 అల్యూమినియం పైపుకు ఆ సంఖ్య దాదాపు 150.

ఈ లెక్కన ఒకటి శ్రుతి (కీబోర్డులో C) తారషడ్జం (పై స్థాయి స), అంటే 523 హెర్ట్జులను మన కింది స‌గా పెట్టుకుంటే పొడవులు ఇలా వస్తాయి:

స – 523 హెర్ట్జులు – 535 మి.మీ.
రి – 589 – 504.5
గ – 654 – 478.5
ప – 785 – 437
ద – 872 – 414.5
పై స – 1046.5 – 378.5

ఇంకా కింది స్థాయిలో, మధ్యషడ్జంతో గంభీరంగా చేయాలని చాలామందికి ఉంటుంది. అప్పుడు స గొట్టం 757 మి.మీ. అవుతుంది. ఫోన్‌లో పౌనఃపున్యాలు చూపే యాప్‌లో 261 హెర్ట్జుల గీత కనిపిస్తుంది కూడా. చెవికి మాత్రం ఆ స్వరం సరిగా అందదు. సన్నటి గొట్టం తక్కువ పౌనఃపున్యాలను గాలిలోకి బలంగా నెట్టలేదు. ఆ మూలస్వరంతో పాటే మోగే పై పౌనఃపున్యాలు, అంటే అనుస్వరాలు, దాన్ని మింగేస్తాయి. ఆ అనుస్వరాలు వీణ తీగలో లాగా 2, 3, 4 రెట్లలో ఉండవు. కడ్డీ కంపనంలో రెండోది 2.76 రెట్లు, మూడోది 5.40 రెట్లు. అంటే మూలస్వరంతో ఏ సంబంధమూ లేని స్వరాలు. పాశ్చాత్య వాద్యబృందాల్లో వాడే పొడవాటి గొట్టపు గంటల్లోనూ చెవి పట్టుకునేది మూలస్వరాన్ని కాదు, నాలుగు, ఐదు, ఆరో అనుస్వరాలను. అవి దాదాపు 2:3:4 నిష్పత్తిలో పడటం వల్ల అక్కడ శ్రుతి తెలుస్తుంది. ఇంట్లో చేసే గొట్టాలకు ఆ దారి కష్టం. 500 హెర్ట్జులకు పైన ఉంటే మూలస్వరమే స్పష్టంగా వినిపిస్తుంది, శ్రుతి కలపడం సాధ్యమవుతుంది.

పై పట్టికను నమ్మి నేరుగా కోసేయకండి. మిశ్రలోహం, మందం, వ్యాసం కొద్దిగా అటూఇటూ అయినా ఒకటి రెండు మిల్లీమీటర్లు మారతాయి, ఆ మార్పు చెవికి తెలుస్తుంది. ముందు 560 మి.మీ. ముక్క ఒక్కటి కోసి, చివరలు నున్నగా ఆకురాయి పట్టి, దాని పౌనఃపున్యం కొలవండి (ఎలాగో కింద శ్రుతి దగ్గర చెప్పాను). ఉదాహరణకు 474 వచ్చిందనుకుందాం. 474 × 0.56 × 0.56 = 148.6. మీ పైపు సంఖ్య అదే. 148.6ను 523తో భాగించి వర్గమూలం తీస్తే 0.533, అంటే మీ స గొట్టం 535 కాదు, 533 మి.మీ. మిగతావన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. ఈ తొలి ముక్కనే తర్వాత స గొట్టంగా తగ్గించుకోవచ్చు, వృథా ఏమీ లేదు.

కోతకు అంగుళానికి 32 పళ్ల హ్యాక్సా బ్లేడు వాడాలి. 18 పళ్ల బ్లేడు పలచటి అంచుకు తగులుకుని పైపును నొక్కేస్తుంది. వైస్‌లో నేరుగా బిగిస్తే పైపు చదునవుతుంది. రెండు చెక్క ముక్కలకు వి ఆకారంలో గాడి తీసి వాటి మధ్య బిగించాలి. కోయాల్సిన చోట కాగితపు పట్టీ చుట్టి, దాని అంచు వెంట గీత గీసుకుని, పైపును తిప్పుకుంటూ చుట్టూ కోస్తే కోత వంకర పోదు. ప్లంబర్ల పైపు కట్టర్ తేలికే కానీ అది అంచును లోపలికి ముడుస్తుంది, ఆ ముడతను మళ్లీ తీయాలి. ప్రతి ముక్కా లెక్కకన్నా 3 మి.మీ. ఎక్కువ ఉంచండి. పొడవైన గొట్టంతో మొదలుపెట్టి కిందికి రండి. స గొట్టం ఆకురాయి కింద ఎక్కువ అరిగిపోయినా దాన్ని రి గొట్టంగా మార్చుకోవచ్చు, రి పోతే గ. పొట్టివాటితో మొదలుపెడితే ఈ వెసులుబాటు ఉండదు. అరిగిన పైపును పొడిగించే మార్గం లేదు. చివర్లో ఎపాక్సీ చుక్కలు వేసి బరువు పెంచితే స్వరం కాస్త దిగుతుంది గానీ, మోత కూడా చచ్చుబడుతుంది.

రంధ్రాల దగ్గరే చాలా గాలి గంటలు చెడతాయి. షాపులో కొన్నవాటిని చూడండి, పైచివర నుంచి ఒక సెంటీమీటరు దిగువన రంధ్రం ఉంటుంది. కంపించేటప్పుడు గొట్టం చివరలు బాగా ఊగుతాయి, మధ్యభాగం ఊగుతుంది, ఈ రెండింటి నడుమ రెండు చోట్ల మాత్రం కదలిక ఉండదు. అస్పందన బిందువులంటే ఇవే. ఒక్కో చివర నుంచి పొడవులో 22.4 శాతం దూరంలో ఉంటాయి. దారం అక్కడ ఉంటే కంపనాన్ని ఆపదు. చివర కడితే ప్రతి ఊపులోనూ దారం శక్తిని లాగేస్తుంది. దీన్ని చేత్తోనే పరీక్షించవచ్చు. గొట్టాన్ని చివర రెండు వేళ్లతో పట్టుకుని మధ్యలో పెన్సిల్ రబ్బరు వైపుతో కొట్టండి, ‘టక్’ మంటుంది. వేళ్లను కొద్దికొద్దిగా కిందికి జరుపుతూ కొడుతూ ఉండండి. ఒకచోట గొట్టం ఒక్కసారిగా గొంతు విప్పుతుంది, ఆ మోత చాలాసేపు సాగుతుంది. టేపుతో కొలిస్తే అది 22 శాతం దగ్గరే ఉంటుంది.

535 మి.మీ. స గొట్టానికి రంధ్రం పైచివర నుంచి 120 మి.మీ. మిగతావి వరసగా రి 113, గ 107, ప 98, ద 93, పై స 85. ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా నష్టం లేదు.

రంధ్రం ఎంత ఎత్తులో అన్నది తేలింది, ఏ వైపు అన్నది ఇంకా మిగిలింది. పైపు గోడ అన్నివైపులా ఒకే మందంలో ఉండదు. అందువల్ల ఒక దిశలో కొడితే 523, దానికి లంబదిశలో కొడితే 524.5 పలకవచ్చు. ఈ రెండింటి మధ్య దిశలో కొడితే రెండూ కలిసి మోగి, సెకనుకు ఒకటిన్నర సార్లు అల వచ్చిపోతున్నట్టు స్వరం వణుకుతుంది. రంధ్రాలు వేయకముందే గొట్టాన్ని అస్పందన బిందువుల కింద రెండు స్పాంజి ముక్కల మీద పడుకోబెట్టి, కొంచెం కొంచెం తిప్పుతూ మధ్యలో కొట్టి వినండి. వణుకు లేని దిశ దొరికిన చోట మార్కర్‌తో చుక్క పెట్టండి. కొట్టుడు బిళ్ల, అంటే గొట్టాల మధ్య వేలాడుతూ గాలికి ఊగి వాటిని కొట్టే చెక్క బిళ్ల, తగలాల్సిన వైపు అది. రంధ్రాలు దానికి కుడి ఎడమల, పావు చుట్టు దూరంలో రావాలి. చుట్టుకొలత 78.5 మి.మీ. కాబట్టి చుక్క నుంచి రెండు వైపులా 19.6 చొప్పున. కాగితపు పట్టీని పైపు చుట్టూ ఒకసారి చుట్టి, కొస కలిసే చోట కత్తిరించి, నాలుగు మడతలు వేస్తే ఆ మడత గీతలే కొలత.

డ్రిల్లు బిట్టు గుండ్రటి పైపు మీద జారుతుంది, అందుకే ముందు సెంటర్ పంచ్‌తో చిన్న గుంట పెట్టాలి. లోపల చీపురుకర్ర సైజు చెక్క దూర్చితే సుత్తి దెబ్బకు పైపు సొట్టపోదు. 3 మి.మీ. బిట్టు చాలు. ఒకవైపు నుంచి రెండోవైపుకు ఒకేసారి పోనిస్తే బిట్టు వంకర పోతుంది, రెండు వైపులా విడివిడిగా వేయండి. తర్వాత 6 మి.మీ. బిట్టును చేత్తోనే రంధ్రంలో పెట్టి రెండు తిప్పులు తిప్పి అంచు వాడి తీసేయాలి. లోపలి అంచుకు చిన్న గుండ్రటి ఆకురాయి. ఈ పని మానేస్తే ఎంత మంచి దారమైనా కొన్నాళ్లకు అక్కడే తెగుతుంది.

రంధ్రాలు అయ్యాకే శ్రుతి, ఎందుకంటే రంధ్రం వల్ల కూడా స్వరం రవ్వంత మారుతుంది. ఫోన్‌లో ట్యూనర్ యాప్ కన్నా స్పెక్ట్రమ్, అంటే ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో గీతలుగా చూపే యాప్ మేలు. స్పెక్ట్రాయిడ్ లాంటిది ఏదైనా సరే. కంప్యూటర్ ఉంటే ఆడాసిటీలో రికార్డు చేసి స్పెక్ట్రమ్ గీయించవచ్చు, నమూనా పరిమాణం 32768 పెట్టుకోండి. మామూలు ట్యూనర్లు ఒక్కోసారి 2.76 రెట్ల అనుస్వరాన్ని పట్టుకుని స గొట్టానికి 1440 చూపిస్తాయి. అది చూసి కంగారుపడి ఆకురాయి పట్టకండి. గొట్టాన్ని మధ్యలో రబ్బరుతో మెత్తగా కొట్టి, ఫోన్ మైకు మధ్యభాగానికి దగ్గరగా పెడితే మూలస్వరపు గీతే పొడుగ్గా వస్తుంది.

ఆకురాయి ఎప్పుడూ కింది చివరే, పైచివర ముట్టుకోవద్దు. స గొట్టంలో ఒక మిల్లీమీటరు తగ్గితే దాదాపు 2 హెర్ట్జులు పెరుగుతుంది, పై స గొట్టంలో అదే మిల్లీమీటరుకు ఐదున్నర. పొట్టి గొట్టాల దగ్గర చెయ్యి తేలిక చేయాలి, చివరి అర మిల్లీమీటరుకు ఎమెరీ కాగితాన్ని బల్ల మీద పరిచి దానిపై గొట్టాన్ని నిలబెట్టి రుద్దడం మంచిది. రుద్దిన వెంటనే కొలవద్దు. వేడెక్కిన అల్యూమినియం తక్కువ స్వరం పలుకుతుంది. చల్లారాక అది పైకి వెళ్తుంది, అప్పటికి మీరు ఇంకాస్త అరగదీసి ఉంటే ఇక దింపలేరు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, ఐదు నిమిషాలు ఆగి కొలవండి.

స గొట్టం కచ్చితంగా 523 దగ్గరే ఆగాలని లేదు. 527 దగ్గర కుదిరితే అదే మీ ఆధారషడ్జం. మిగతావాటిని దాని నుంచి నిష్పత్తులతో కట్టండి: రి 9/8, గ 5/4, ప 3/2, ద 5/3, పై స 2. ట్యూనర్ యాప్‌లు కీబోర్డు స్వరాలను ప్రమాణంగా తీసుకుంటాయి కాబట్టి, స‌ను సున్నాగా పెట్టుకుంటే గ దగ్గర 14 సెంట్లు, ద దగ్గర 16 సెంట్లు తక్కువ చూపిస్తాయి (కీబోర్డులో పక్కపక్క మెట్ల ఎడంలో నూరో వంతు ఒక సెంటు). అది తప్పు కాదు, మనకు కావలసింది అదే. కావాలంటే శ్రుతిపెట్టెను ఆ స‌కు పెట్టి గ గొట్టం కొట్టి వినండి. కీబోర్డు గాంధారానికీ దీనికీ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

పై పలకకు 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ కానీ టేకు కానీ 190 మి.మీ. వ్యాసంతో గుండ్రంగా కోయించండి. మధ్య నుంచి 72 మి.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, వృత్తలేఖినిని కదపకుండా అదే కొలతతో చుట్టూ ఆరు గుర్తులు పెడితే ఆరు గొట్టాల స్థానాలు. ప్రతి గుర్తు దగ్గర వృత్తానికి స్పర్శరేఖ గీసి, గుర్తుకు అటూఇటూ 12.5 మి.మీ.లో ఒక్కో రంధ్రం. మొత్తం పన్నెండు. ఇలా రెండు పోగుల మీద వేలాడితే గొట్టం తన చుట్టూ తాను తిరగదు, మనం గుర్తు పెట్టిన వైపే ఎప్పుడూ లోపలికి చూస్తుంది.

గొట్టాలను చిన్నా పెద్దా వరసలో కట్టకండి. కొట్టుడు బిళ్ల ఒక గొట్టానికి తగిలి వెనక్కి వచ్చి ఎక్కువగా ఎదుటి గొట్టానికే తగులుతుంది. కాబట్టి ఎదురెదురుగా ఉండే జంటలే ఎక్కువ వినిపిస్తాయి. నేను వాడే వరస చుట్టూ ఇలా: స, ద, రి, పై స, గ, ప. అప్పుడు స‌కు ఎదురు పై స, రి‌కి ఎదురు ప, గ‌కు ఎదురు ద. రి–ప, గ–ద రెండూ 4/3 నిష్పత్తి, అంటే షడ్జమ మధ్యమాల ఎడం. రి‌కి ఎదురుగా ద పెడితే 40/27 వస్తుంది, మోహనంలో నలిగినట్టు వినిపించే జంట అదొక్కటే. పైగా ఈ వరసలో మూడు బరువైన గొట్టాలు మూడు దిక్కులకు చెదురుతాయి, పలక పెద్దగా ఒరగదు.

కొట్టుడు బిళ్లకు 75 మి.మీ. వ్యాసం, 20 మి.మీ. మందం టేకు చెక్క సరిపోతుంది, 55–60 గ్రాములు తూగుతుంది. అంచును గుండ్రంగా తీయాలి. గొట్టానికీ దానికీ మధ్య 22 మి.మీ. ఖాళీ ఉంటుంది. చిరుగాలికే మోగాలంటే ఇంకా దగ్గరగా ఉండాలనిపిస్తుంది గానీ, 10 మి.మీ.కు తగ్గిస్తే బిళ్ల గొట్టాన్ని ఆనుకుని మోత నొక్కేస్తుంది. కొట్టే చోటు ప్రతి గొట్టానికీ సరిగ్గా నడుమ రావాలి. 2.76 రెట్ల అనుస్వరానికి గొట్టం నడుమ అస్పందన బిందువు. అక్కడ కొడితే అది పుట్టదు, మూలస్వరం మాత్రం నిండుగా పలుకుతుంది. కింది చివర దగ్గర కొడితే అన్నీ కలిసి గరగరమంటాయి.

అంటే గొట్టాల పైచివరలు కాదు, నడుములు ఒక మట్టంలో ఉండాలి. బిళ్ల పలక నుంచి 310 మి.మీ. దిగువన ఉంటే, పలక నుంచి రంధ్రం దాకా దారం స‌కు 162 మి.మీ., రి 171, గ 178, ప 190, ద 196, పై స 206. అన్ని గొట్టాలకూ నడుమ మార్కర్‌తో గీత పెట్టుకుని, కట్టిన తర్వాత కళ్ల ఎత్తులో చూస్తే ఆరు గీతలూ ఒకే వరసలో కనిపించాలి.

దారానికి 1.5 మి.మీ. అల్లిక పాలిస్టర్ మంచిది. నూలు వానకు నాని కుళ్లుతుంది, చేపల గాలానికి వాడే నైలాన్ ఎండకు పెళుసుబారి ముడి దగ్గర జారుతుంది. ముడి వేశాక కొసను కొవ్వొత్తి మంటకు చూపించి కరిగించాలి.

బిళ్ల నుంచి అదే దారాన్ని కిందికి వదిలి, పలక నుంచి 700 మి.మీ. దగ్గర గాలిరేకు కట్టండి. 100 × 120 మి.మీ., 3 మి.మీ. ప్లైవుడ్. అది స గొట్టం అడుగుకన్నా కనీసం పది సెంటీమీటర్లు కింద ఉండాలి, లేకపోతే గొట్టాల చాటున గాలి తగలదు. రేకు బిళ్ల కన్నా తేలికగా ఉండాలి. మరీ పెద్దదైతే గాలి దారాన్ని సాగదీసి బిళ్లను ఒకవైపుకే లాగి ఉంచుతుంది, ఒకే గొట్టం పదేపదే మోగుతుంది. సముద్రపు గాలి రోజూ తగిలే విశాఖ, కాకినాడ వైపు ఇళ్లకు ఈ కొలతే ఎక్కువ. 70 × 80 చాలు. గాలి తక్కువ ఆడే వీధిలో, కింది అంతస్తులో 120 × 150 దాకా పెంచవచ్చు.

మోగినప్పుడు స్వరం కన్నా ముందు ‘టిక్’ అనే దెబ్బ ఎక్కువగా వినిపిస్తుంటే బిళ్ల అంచుకు పలచటి తోలు పట్టీ అంటించండి. సైకిల్ ట్యూబు రబ్బరు ఈ పొడవు గొట్టాలకు మరీ మెత్తన, పై స అసలు పలకదు. ఒక గొట్టం మాత్రమే మందంగా మోగుతుంటే ముందు దారం చూడండి. రెండు పోగుల్లో ఒకటి వదులై గొట్టం పక్కకు తిరిగి ఉంటుంది, లేదా ముడి కొస పైపును తాకుతూ ఉంటుంది. ఆషాఢ గాలులు మొదలైనప్పుడు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు గాలిరేకు తీసి లోపల పెట్టేయాలి. గొట్టాల మధ్య ఎడం 47 మి.మీ. మాత్రమే, ఆ గాలికి ఒకదానికొకటి కొట్టుకుని సొట్టలు పడతాయి. సొట్ట పడిన గొట్టం శ్రుతి మళ్లీ రాదు, కొత్తది కోసుకోవాలి. పైపు మిగులు ముక్కను పారేయకుండా దాచమనేది ఇందుకే. ఆ 90 సెం.మీ.లోంచి అదే సంఖ్యతో, మళ్లీ లెక్క వేయకుండా, ఏ గొట్టాన్నైనా తిరిగి చేయవచ్చు.